ఒకే జనకుని నీడలో ఒక జాతి: నార్తర్న్ డాన్సర్ వంశావళి నేర్పే పాఠం

ఉత్తమ జనకుడు దొరికినప్పుడు అతని సంతతిని ఎంతవరకు విస్తరింపజేయాలి అన్నది పశు ప్రజననానికీ సస్య ప్రజననానికీ ఉమ్మడి ప్రశ్న. వీలైనంత మేరకు అన్నది సహజంగా తోచే సమాధానం. ఆ సమాధానం చివరకు ఎక్కడికి చేరుస్తుందో తెలిపే ఉదాహరణల్లో థరోబ్రెడ్ పందెపు గుర్రాల చరిత్ర ముఖ్యమైనది. ఇంగ్లండులో ఈ జాతి స్టడ్ బుక్ 1791లో తొలిసారిగా వెలువడింది. నాటి నుండి తల్లిదండ్రుల పేర్లు తరతరాలుగా నమోదవుతున్నాయి. ప్రతి గుర్రం సామర్థ్యమూ పందెపు బాట మీద అందరి ఎదుట తేలుతున్నది. ఇంత సుదీర్ఘమైన వంశావళి, ఇంత కచ్చితమైన కొలమానం రెండూ కలిసిన పశుజాతి మరొకటి లేదనదగును. ఆ జాతి స్వరూపాన్నే మార్చివేసిన గుర్రం నార్తర్న్ డాన్సర్. దాని జీవితంలో ప్రజనన శాస్త్రం సాధించగల ఘనత కనిపిస్తుంది. దాని వంశవ్యాప్తిలో ఆ శాస్త్రం మరచిన హెచ్చరిక కనిపిస్తుంది.

పుట్టుక, పందేలు

కెనడా పారిశ్రామికవేత్త ఇ.పి. టేలర్ 1952లో ఇంగ్లండులోని న్యూమార్కెట్ వేలంలో లేడీ ఏంజెలా అనే ఆడగుర్రాన్ని కొనుగోలు చేశాడు. ఇటలీలో పుట్టి, పరుగెత్తిన 14 పందేల్లో ఒక్కటీ ఓడని నియార్కోతో దానిని జతకట్టించి స్వదేశానికి తరలించాడు. ఆ కలయిక ఫలితంగా 1954లో పుట్టినదే నియార్క్‌టిక్. నార్తర్న్ డాన్సర్‌కు తండ్రి అదే. తల్లి నటాల్మా, 22 పందేల్లో 21 గెలిచిన నేటివ్ డాన్సర్ కూతురు. 1960లో మోకాటి ఎముక దెబ్బతిని నటాల్మా పందేలకు దూరమైంది. అప్పటికే ప్రజనన రుతువు ముగింపుకు వచ్చింది. ఆ ఏడాదే స్టడ్‌కు చేరిన నియార్క్‌టిక్‌తో దానిని జతకట్టించారు.

అందువల్ల పిల్ల ఆలస్యంగా, 1961 మే 27న, ఒషావా వద్ద ఉన్న విండ్‌ఫీల్డ్స్ ఫారంలో పుట్టింది. ఉత్తరార్ధగోళంలో పందెపు గుర్రాలన్నింటికీ జనవరి 1నే వయస్సు ఒక ఏడాది పెరిగినట్లు లెక్కిస్తారు. కనుక మే నెలాఖరులో పుట్టిన పిల్ల తన కంటే నాలుగైదు నెలలు పెద్దవైన వాటితో పోటీ పడవలసి వస్తుంది. ఏడాది వయస్సులో దానిని 25,000 డాలర్లకు అమ్మజూపినా కొనేవారు రాలేదు. పొట్టిగా, బరువుగా ఉన్నదన్నది కొనుగోలుదారుల అభిప్రాయం. పూర్తిగా ఎదిగిన తరువాత కూడా దాని ఎత్తు దాదాపు 62 అంగుళాలే.

కంటితో వేసిన ఆ అంచనాను పందెపు బాట తోసిపుచ్చింది. 1963, 1964 సంవత్సరాల్లో హొరాషియో ల్యూరో శిక్షణలో అది 18 సార్లు పరుగెత్తింది. 14 సార్లు మొదటి స్థానం, రెండుసార్లు రెండవ స్థానం, రెండుసార్లు మూడవ స్థానం పొందింది. అంతకంటే దిగువకు ఎన్నడూ పోలేదు. 1964 కెంటకీ డెర్బీలో ఒకటింబావు మైలు దూరాన్ని సరిగ్గా రెండు నిమిషాల్లో ముగించి, హిల్ రైజ్‌ను మెడ పొడవు తేడాతో ఓడించింది. ఆ పందెం గెలిచిన తొలి కెనడా గుర్రం అదే. ఆ వేగాన్ని 1973లో సెక్రటేరియట్ వచ్చేవరకు మరే గుర్రమూ అక్కడ అధిగమించలేదు. తరువాత ప్రీక్‌నెస్ గెలిచింది; బెల్మాంట్‌లో మూడవ స్థానంతో సరిపెట్టుకుంది. స్వదేశంలో క్వీన్స్ ప్లేట్ గెలిచిన పిమ్మట కాలి స్నాయువు దెబ్బతినడంతో పందేలు ముగిశాయి.

సంతాన పరీక్ష

పందెం గెలిచిన గుర్రాలన్నీ మంచి జనకులు కావు. ఆ విషయం సంతానం ద్వారానే తేలుతుంది. 1965లో 10,000 డాలర్ల రుసుముతో నార్తర్న్ డాన్సర్ ప్రజనన జీవితం ప్రారంభమైంది. రెండవ ఈనిక వరుసలోనే, 1967లో, నిజిన్‌స్కీ పుట్టింది. 1970లో అది ఇంగ్లండులోని మూడు ప్రధాన పందేలను గెలిచి ట్రిపుల్ క్రౌన్ సాధించింది. 1935లో బహ్రామ్ తరువాత ఆ ఘనత దానిదే. ఆ తరువాత మరే గుర్రానికీ అది దక్కలేదు. 1977లో ది మిన్‌స్ట్రెల్, 1984లో సెక్రెటో ఎప్సమ్ డెర్బీ గెలిచాయి. 1984లో రెండవ స్థానంలో వచ్చిన ఎల్ గ్రాన్ సెనోర్ కూడా నార్తర్న్ డాన్సర్ కుమారుడే.

మొత్తం సుమారు 645 పిల్లల్లో 140కి పైగా ఉన్నత శ్రేణి స్టేక్స్ పందేల విజేతలయ్యాయి. అంటే ప్రతి ఐదింటిలో ఒకటి కంటే ఎక్కువ. థరోబ్రెడ్లలో సాధారణంగా ఈ నిష్పత్తి నూటికి మూడు దరిదాపుల్లో ఉంటుంది. ఖ్యాతి పెరిగిన కొద్దీ అత్యుత్తమ ఆడగుర్రాలే దాని వద్దకు వచ్చాయి కనుక ఈ నిష్పత్తి ఘనత అంతా తండ్రిదే అనలేము. ఆ మినహాయింపు ఇచ్చిన తరువాత కూడా దాని ప్రజనన విలువ అసాధారణమైనదనడంలో సందేహం లేదు.

పేరుకు కట్టిన ధర

రుజువైన విలువ క్రమంగా పేరు విలువగా మారింది. 1980ల మధ్యకాలానికి నార్తర్న్ డాన్సర్‌తో ఒక్కసారి జతకట్టించడానికి పది లక్షల డాలర్లు చెల్లించిన సందర్భాలు ఉన్నాయి. 1983లో కెంటకీలోని కీన్‌లాండ్ వేలంలో దాని కొడుకు స్నాఫీ డాన్సర్, ఏడాది వయస్సులోనే, కోటీ రెండు లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. అది ఒక్క పందెంలోనూ పరుగెత్తలేదు. స్టడ్‌కు పంపితే సంతానోత్పత్తి లోపం బయటపడింది. పుట్టిన పిల్లలు నాలుగే. ఇరవై ఏళ్ల క్రితం పాతిక వేల డాలర్లకు తండ్రిని తిరస్కరించిన సంతే కొడుకుకు ఈ ధర కట్టింది. మొదటిసారి రూపాన్ని చూసి తప్పు అంచనా వేసింది. రెండవసారి వంశావళిని చూసి తప్పు అంచనా వేసింది. వంశావళి సంభావ్యతను మాత్రమే చెబుతుంది. తండ్రి జన్యువుల్లో ఏ సగం ఏ పిల్లకు చేరినదో అది చెప్పదు.

కొడుకుల ద్వారా వ్యాప్తి

అయినా జాతికి జరిగిన అసలు మార్పు వేలంలో కనిపించేది కాదు. రెండు దశాబ్దాలకు పైగా సాగిన ప్రజనన జీవితంలో 645 పిల్లలంటే ఏడాదికి ముప్పై లోపే. థరోబ్రెడ్లలో కృత్రిమ గర్భధారణకు అనుమతి లేదు. మరి జాతి అంతా ఒకే పేరు ఎలా వ్యాపించింది? కొడుకులు, మనుమల ద్వారా. దాని కొడుకు శాడ్లర్స్ వెల్స్ బ్రిటన్, ఐర్లండ్‌లలో 14 సార్లు అగ్రజనకుడయింది. మనుమడు గెలీలియో 12 సార్లు ఆ స్థానం పొందింది. మరొక కొడుకు డాన్‌జిగ్ సంతానమైన డేన్‌హిల్ ఉత్తర, దక్షిణార్ధగోళాల రెండు ప్రజనన రుతువుల్లోనూ పనిచేసి, ఆస్ట్రేలియాలో తొమ్మిదిసార్లు అగ్రజనకుడయింది. భారతదేశానికి వచ్చిన రజీన్ కూడా నార్తర్న్ డాన్సర్ కుమారుడే. ఇక్కడి జనకుల్లోనూ అది అగ్రస్థానానికి చేరింది.

ఈ శాఖలు మళ్లీ కలుసుకున్నాయి. 2010 నుండి 2012 వరకు 14 పందేలు పరుగెత్తి పద్నాలుగూ గెలిచిన ఫ్రాంకెల్‌కు తండ్రి గెలీలియో. తల్లి కైండ్, డేన్‌హిల్ కూతురు. గెలీలియో నుండి నార్తర్న్ డాన్సర్ వరకు రెండు తరాలు, కైండ్ నుండి మూడు తరాలు. రైట్ సూత్రం ప్రకారం సగాన్ని ఆరుసార్లు హెచ్చిస్తే, ఈ ఒక్క పూర్వీకుని వల్ల ఫ్రాంకెల్‌కు కలిగిన అంతఃప్రజనన గుణకం అరవై నాలుగింట ఒక వంతు, అంటే నూటికి 1.56. డేన్‌హిల్‌కు అంతకుముందే నటాల్మా రక్తం తల్లి వైపునా తండ్రి వైపునా ఉంది. వేరు రక్తం కోసం జపాను వైపు చూసినా పూర్తి దూరం దొరకదు. అక్కడ 13 సార్లు అగ్రజనకుడైన సండే సైలెన్స్ తండ్రి హేలో. హేలోకు అమ్మమ్మ, నార్తర్న్ డాన్సర్‌కు అమ్మమ్మ ఒక్కటే గుర్రం, ఆల్మహ్మూద్.

2020లో ప్రచురితమైన ఒక అధ్యయనం పలు దేశాలకు చెందిన 10,118 థరోబ్రెడ్లను పరిశీలించింది. వాటిలో నూటికి 97 గుర్రాల వంశావళిలో నార్తర్న్ డాన్సర్ ఉన్నట్లు తేలింది. గత ఐదు దశాబ్దాల్లో అంతఃప్రజనన స్థాయి గణనీయంగా పెరిగినదని కూడా ఆ అధ్యయనం పేర్కొన్నది.

ఆక్షేపణ, సమాధానం

ఫ్రాంకెల్ వంటి గుర్రం పుట్టినప్పుడు అంతఃప్రజననాన్ని దోషమనడం ఎలా అని ప్రజననకారులు అడుగుతారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. మేలైన పూర్వీకుని రక్తాన్ని మితంగా రెండు వైపుల నుండి చేర్చడం పాత పద్ధతి; దానివల్ల మేలు జరిగిన సందర్భాలు చాలా ఉన్నాయి. అయితే ఒక జంట విషయంలో సమంజసమైన నిర్ణయాన్ని వేలమంది ఒకేసారి తీసుకున్నప్పుడు జాతికి కలిగే ఫలితం వేరు. విజేతలు అందరికీ కనిపిస్తాయి. పందెపు బాట వరకు రాలేకపోయిన పిల్లలు ఏ పట్టికలోనూ కనిపించవు. 2022లో వెలువడిన జన్యు అధ్యయనం వాటినే లెక్కించింది. అంతఃప్రజనన స్థాయి నూటికి పది పెరిగితే, గుర్రం జీవితంలో ఒక్క పందెంలోనైనా పాల్గొనే అవకాశం నూటికి ఏడు తగ్గుతున్నదని అందులో తేలింది.

ఉత్తర అమెరికాలో స్టడ్ బుక్ నిర్వహించే జాకీ క్లబ్ 2020లో ఒక నియమం చేసింది. ఆ ఏటి నుండి పుట్టే మగగుర్రాలు స్టడ్‌కు చేరిన తరువాత ఒక్కొక్కటి ఏడాదికి 140కి మించి ఆడగుర్రాలతో జతకట్టరాదన్నది దాని సారాంశం. కెంటకీలోని పెద్ద స్టడ్ ఫారాలు న్యాయస్థానానికి వెళ్లాయి. రాష్ట్ర శాసనసభలో వ్యతిరేక బిల్లు వచ్చింది. 2022 ఫిబ్రవరిలో క్లబ్ ఆ నియమాన్ని ఉపసంహరించుకున్నది. అది సరైన నియమమే; కాకపోతే అసంపూర్ణమైనది. నార్తర్న్ డాన్సర్ ఏడాదికి ముప్పై పిల్లలతోనే జాతిని ఆక్రమించినదంటే, పరిమితి ఒక్క జనకునికి కాక అతని కొడుకుల సంఖ్యకు కూడా వర్తించాలి. మొదటి మెట్టునే తొలగించిన చోట రెండవ మెట్టు గురించి చర్చకు అవకాశమే లేకుండా పోయింది.

వ్యవసాయ రంగానికి వర్తింపు

గుర్రప్పందేలు సంపన్నుల వినోదం, వాటితో వ్యవసాయ విస్తరణకు సంబంధం ఏమిటని విద్యార్థులకు తోచవచ్చు. సంబంధం సూటిగానే ఉంది. నార్తర్న్ డాన్సర్ పుట్టిన మరుసటి సంవత్సరం, 1962లో, అమెరికాలో పానీ ఫార్మ్ ఆర్లిండా చీఫ్ అనే హోల్‌స్టీన్ ఆబోతు పుట్టింది. కృత్రిమ గర్భధారణ ద్వారా దానికి 16,000 మంది కూతుళ్లు కలిగారు. పాల దిగుబడి ఎంతో పెరిగింది. ఆ ఆబోతులో ఒక ప్రాణాంతక జన్యులోపం దాగి ఉన్న సంగతి దశాబ్దాల తరువాత గాని బయటపడలేదు. దాని మూలంగా ప్రపంచవ్యాప్తంగా సుమారు ఐదు లక్షల గర్భస్రావాలు జరిగినట్లు శాస్త్రవేత్తలు అంచనా వేశారు. కృత్రిమ గర్భధారణ లేని గుర్రాల్లోనే ఒక పేరు ఇంతగా వ్యాపిస్తే, వీర్యనాళికలు గ్రామగ్రామానికీ చేరే పాడి పశువుల విషయంలో జాగ్రత్త ఎంత అవసరమో వేరుగా చెప్పనక్కరలేదు.

సస్య ప్రజననకారునికి ఉన్న ఒక వెసులుబాటు థరోబ్రెడ్ యజమానికి లేదు. 1986లో బాపట్ల నుండి విడుదలైన సాంబ మసూరి, అనగా బి.పి.టి. 5204, విస్తారంగా సాగులోకి వచ్చింది. బాక్టీరియా ఎండాకు తెగులుకు మాత్రం లొంగిపోయేది. హైదరాబాదులోని వరి పరిశోధన సంచాలకాలయం, సి.సి.ఎం.బి. శాస్త్రవేత్తలు మూడు నిరోధక జన్యువులను దానిలోకి చేర్చి 2008లో మెరుగైన సాంబ మసూరిని అందించారు. వాటిలో ఒక జన్యువు ఆఫ్రికా అడవి వరి నుండి వచ్చినది. జన్యు బ్యాంకు తలుపు తెరచి ఉన్నందునే అది సాధ్యమయింది. థరోబ్రెడ్ స్టడ్ బుక్ మూసిన తలుపు. బయటి రక్తానికి అక్కడ ప్రవేశం లేదు. లోపల కోల్పోయిన వైవిధ్యం తిరిగి రాదు. తెలుగు నేల మీద అటువంటి పరిస్థితికి దగ్గరగా ఉన్నవి చిన్న దేశవాళీ జాతులు. సంఖ్యాబలం తక్కువైన పుంగనూరు పశువులకు ఇటీవల ఆదరణ పెరిగింది. అది సంతోషకరమే. ఆ ఆదరణ పేరున్న కొద్దిపాటి ఆబోతుల చుట్టూ తిరిగితే మాత్రం జాతిని రక్షించే ప్రయత్నమే జాతిని ఇరుకున పెడుతుంది.

అందువల్ల విస్తరణ శాస్త్రవేత్తలు ఆబోతును సిఫారసు చేసేటప్పుడు తల్లి పాల దిగుబడితో పాటు, ఆ గ్రామంలో ఇప్పటికే ఉన్న పెయ్యల తండ్రి ఎవరన్నది కూడా అడగాలి. ఒకే తండ్రి కొడుకులు పక్కపక్క గ్రామాలకు చేరకుండా ఆబోతులను నిర్ణీత కాలానికి మార్చాలి. ప్రతి చూడికట్టుకూ ఆబోతు సంఖ్య నమోదు చేయడం రైతుకు అలవాటు చేయాలి. ఒక మండలానికి నాలుగు వరి రకాలు సూచించేటప్పుడు ఆ నాలుగింటికీ ఒకే జనకం ఉన్నదేమో చూడాలి. వంశావళిని చదవడమంటే గొప్ప పేరు కోసం వెదకడం మాత్రమే కాదు. ఆ పేరు ఎన్నిసార్లు వచ్చినదో లెక్కించడం కూడా. మొదటి పనిలో థరోబ్రెడ్ ప్రజననకారులను మించినవారు లేరు. రెండవ పనిని వారు ఆలస్యంగా మొదలుపెట్టారు. పాడి రైతుకూ వరి రైతుకూ ఆ ఆలస్యాన్ని భరించే స్తోమత లేదు.