వయసు కాదు, బ్రేకు చూడండి

భూపాలపల్లి జిల్లా చెల్పూర్‌లోనే కాదు, చుట్టుపక్కల ఏ ఊళ్లోనైనా పశువుల కొట్టం పక్కనో, రేకుల షెడ్డు కిందో ఒక మూలన పడ్డ బండి కనిపిస్తుంది. నంబరు ప్లేటు మీద ఏపీ 36 అని ఉంటుంది. అంటే ఉమ్మడి వరంగల్ జిల్లా నాటి రిజిస్ట్రేషన్, తెలంగాణ రాకముందుది. సీటు చిరిగి స్పాంజి బయటికొచ్చి, టైర్లు నేలకు కరుచుకుని, చైను తుప్పుపట్టి ఉంటుంది. ఇంట్లో వాళ్లను అడిగితే పాత ఇనుపసామాన్ల వాడికి వేద్దామనుకుంటున్నామంటారు. ఎవరైనా కాస్త చెయ్యి తిరిగిన కుర్రాడు దాన్ని కొనుక్కుని ఇంటి వెనక వసారాలో విప్పి బాగుచేసుకుంటానంటే మాత్రం పిచ్చి పని కింద జమకడతారు. నా లెక్కలో అది డబ్బుపరంగానూ, పర్యావరణపరంగానూ తెలివైన పని. దానికి అడ్డం పడుతున్నది బండిలోని తుప్పు కన్నా మన నిబంధనల తీరు. బండి ఏ స్థితిలో ఉందో చూడకుండా, పుట్టి ఎన్నేళ్లయిందో మాత్రమే చూసే తీరు అది.

ముందుగా ఏ బండి గురించి మాట్లాడుతున్నామో తేల్చుకోవాలి. పాత బండి అనగానే యువకుల నోట ఆర్ఎక్స్ 100 మాటే వస్తుంది. 1985 నుంచి 1996 దాకా తయారైన ఆ యమహాకు ఇప్పుడు పలుకుతున్న ధర చూస్తే దాన్ని బండి అనాలో, బంగారం అనాలో తెలియదు. ఆ మోజు జోలికి నేను పోను. నా వాదన అంతా ఎవరూ ఫొటోలు తీసుకోని బండ్ల గురించి: 1985లో వచ్చిన హీరో హోండా సీడీ 100, 1994లో వచ్చిన స్ప్లెండర్, ఆ వరసలోని మిగతా వంద సీసీ బండ్లు. వాటి ఇంజిన్ 97.2 సీసీ, నాలుగు స్ట్రోకులది. హీరో, హోండా కంపెనీలు 2010 చివర్లో విడిపోవాలని నిర్ణయించుకున్నా ఆ 97.2 సీసీ కొలత మాత్రం ఈనాటి స్ప్లెండర్ దాకా కొనసాగింది. అందుకే బ్రేక్ షూలు, క్లచ్ ప్లేట్లు, కేబుళ్లు, చైన్ స్ప్రాకెట్లు మండల కేంద్రంలోని స్పేర్ పార్ట్స్ షాపులో కూడా దొరుకుతాయి. ఇరవై ఏళ్ల కిందటి ఫోనుకు బ్యాటరీ దొరకదు కానీ ఇరవై ఏళ్ల కిందటి స్ప్లెండర్‌కు పిస్టన్ దొరుకుతుంది. మన దేశంలో మరమ్మతుకు ఇంతగా లొంగే యంత్రాలు తక్కువ.

ఏళ్ల తరబడి నిలబడ్డ బండికి జబ్బు సాధారణంగా ట్యాంకులో మొదలవుతుంది. మిగిలిన పెట్రోలు ఆవిరైపోయి అడుగున బంకలా పేరుకుంటుంది. అదే కార్బొరేటర్‌లోకి దిగి, సన్నని సూది మొన మాత్రమే పట్టే పైలట్ జెట్ రంధ్రాన్ని మూసేస్తుంది. ఇప్పుడు పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలుస్తోంది. ఇథనాల్ గాలిలోని తేమను లాక్కుంటుంది కాబట్టి నిలవ ఉన్న ట్యాంకు లోపల తుప్పు తొందరగా పడుతుంది, పాతకాలపు రబ్బరు పైపులు, సీళ్లు పాడవుతాయి. అందుకే బాగుచేసేవాడు మొదట మార్చాల్సింది పెయింటు కాదు, పెట్రోలు పైపు. పిస్టన్ పట్టేసి ఉంటే ప్లగ్గు విప్పి, ఆ రంధ్రంలోంచి కాస్త డీజిల్, ఇంజిన్ ఆయిల్ కలిపి పోసి ఒకటి రెండు రోజులు వదిలేయాలి. తర్వాత టాప్ గేరులో వేసి వెనక చక్రాన్ని చేత్తో ముందుకూ వెనక్కూ మెల్లగా కదపాలి. ఓపిక లేక కిక్కు రాడ్డు మీద ఎక్కి తొక్కితే రింగులు విరుగుతాయి. ఈ పనులకు కావలసింది స్పానర్ల సెట్టు, ఒక పాత టవల్, విప్పిన నట్లు వరసగా పెట్టుకోవడానికి డబ్బాలు, బోలెడంత తీరిక. మెకానిక్ షాపులో ఇవి గిట్టుబాటు కావు. తీరికకు అతడు కూలీ కట్టుకోవాలి, మనం కట్టక్కర్లేదు. నిలబడ్డ బండిని చూడగానే మెకానిక్ "వదిలెయ్ అన్నా, ఖర్చెక్కువైతది" అనడంలో అతడి తప్పేమీ లేదు.

ఇలా ఎవరి బండి వాళ్లు బాగుచేసుకుంటే మెకానిక్కుల పొట్ట కొట్టినట్టు కాదా అన్న మాట కూడా వినిపిస్తుంది. ఇంట్లో చేయగలిగిన పనికి హద్దుంది. ఈ ఇంజిన్ సిలిండర్ బోరు 50 మిల్లీమీటర్లు. అది అరిగిందంటే పావు మిల్లీమీటరు చొప్పున పెంచిన ఓవర్‌సైజ్ పిస్టన్ తెచ్చి, దానికి సరిపడా బోరు వేయించాలి. క్రాంకు సరిచేయడం, ఫోర్కు పైపుల వంపు తీయించడం కూడా లేతు మిషన్ల వాళ్ల పనే. చెల్పూర్ వాళ్లయితే పరకాలకో, హనుమకొండకో వెళ్లాల్సిందే. పెట్రోలు ట్యాంకుకు వెల్డింగ్ చేయడమైతే ఇంట్లో తలపెట్టకూడని పని. ఖాళీ ట్యాంకులో మిగిలిన ఆవిరి చాలు పేలడానికి. ఇనుపకొట్టుకు పోయే బండి వల్ల వీళ్లెవరికీ రూపాయి రాదు. వసారాలో విప్పిన బండి మాత్రం లేతు వాడికీ, పెయింటరుకూ, సీటు కుట్టేవాడికీ పని తెస్తుంది.

అసలైన అభ్యంతరం కాలుష్యం. పాత బండి పొగ చిమ్ముతుంది, దానికి బదులు ఎలక్ట్రిక్ స్కూటర్ కొనుక్కోవచ్చు కదా అంటారు. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరు నుంచి ఎలక్ట్రిక్ వాహనాలకు రోడ్డు టాక్సు, రిజిస్ట్రేషన్ ఫీజు మినహాయించింది కూడా. ఈ వాదనకు చెల్పూర్ కన్నా మంచి పరీక్షాస్థలం ఉండదు. కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం ఉన్నది ఈ ఊళ్లోనే: 500, 600 మెగావాట్ల రెండు యూనిట్లు, రెండూ బొగ్గువే. స్కూటర్ వంద కిలోమీటర్లు తిరగడానికి దాదాపు మూడు యూనిట్లు కావాలి. లైన్లలో, చార్జింగ్‌లో పోయేది కలిపితే మూడున్నర. బొగ్గు కరెంటు యూనిట్‌కు దగ్గర దగ్గర కిలో కార్బన్ డయాక్సైడ్ అనుకుంటే మూడు, మూడున్నర కిలోలు. లీటరుకు 60 కిలోమీటర్లిచ్చే స్ప్లెండర్ అదే దూరానికి కాల్చే పెట్రోలు లీటరున్నర దాటుతుంది. లీటరుకు 2.3 కిలోల లెక్కన 3.8 కిలోలు. తేడా ఉంది, కానీ అనుకున్నంత లేదు. గ్రిడ్‌లో సౌర, జల విద్యుత్తు పెరిగే కొద్దీ తక్కెడ ఎలక్ట్రిక్ వైపే మొగ్గుతుంది, అందులో సందేహం అక్కర్లేదు. కొత్త బండి కొనగలిగినవాళ్లు ఎలక్ట్రిక్ కొనుక్కోవడమే మంచిది. అయితే కొత్త బండి గాల్లోంచి ఊడిపడదు. మన దేశంలో టన్ను ఉక్కు తీస్తే రెండున్నర టన్నుల దాకా కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. అల్యూమినియానికి అంతకు ఎన్నో రెట్లు. వసారాలోని 110 కిలోల బండికి ఆ ఖర్చు ఎప్పుడో అయిపోయింది.

బాగుచేయకుండా అలాగే నడిపే పాత బండి సంగతి వేరు. దాన్ని నేను సమర్థించను. చోకు సగం లాగి, గాలి ఫిల్టరు మూసుకుపోయి, 45 కిలోమీటర్లే ఇచ్చే బండి ఏడాదికి ఆరు వేల కిలోమీటర్లు తిరిగితే 133 లీటర్లు తాగుతుంది. అదే బండిని సరిచేసి 60కి తెస్తే వంద లీటర్లు చాలు. లీటరు 107 రూపాయలు దాటిన రోజుల్లో మూడున్నర వేలు మిగిలినట్టు. రెండు స్ట్రోకుల బండ్ల మీద వచ్చే ఆక్షేపణను కూడా పూర్తిగా ఒప్పుకోవాలి. వాటిలో ఆయిలు పెట్రోలుతో కలిసి కాలుతుంది, కాలని పెట్రోలు కొంత నేరుగా సైలెన్సర్‌లోంచి బయటికి పోతుంది. ఎంత బాగుచేసినా ఆ గుణం పోదు. ఆర్ఎక్స్ అభిమానులకు కోపం వచ్చినా సరే, దాన్ని రోజూ డ్యూటీకి తిప్పడం సబబు కాదు. భద్రత విషయానికొస్తే 125 సీసీ లోపు కొత్త బండ్లకు 2019 ఏప్రిల్ నుంచి కంబైన్డ్ బ్రేకింగ్ తప్పనిసరి అయింది. పాతవాటికి అది లేదు. కాబట్టి బాగుచేసే పనిలో వరస ముఖ్యం: బ్రేక్ షూలు, టైర్లు, ఫోర్కు సీళ్లు, స్టీరింగ్ బేరింగులు, లైట్లు, ఆ తర్వాతే మెరుపులు. చాలామంది తలకిందులుగా చేస్తారు. ట్యాంకు మీద కొత్త స్టిక్కరు తళతళలాడుతుంటుంది, వెనక బ్రేకు తొక్కితే బండి ఆగదు.

ఇక చట్టం. మోటారు వాహనాల చట్టం ప్రకారం ఆర్సీ 15 ఏళ్లు చెల్లుతుంది, ఆ తర్వాత ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవచ్చు. అంటే చట్టం పాత బండిని బతకనిస్తోంది. రుసుములే బతకనివ్వడం లేదు. 2021 అక్టోబరులో కేంద్రం ఇచ్చిన ఉత్తర్వుతో మోటార్ సైకిల్ రెన్యువల్ ఫీజు 300 నుంచి వెయ్యి రూపాయలైంది. 2025లో ఇరవై ఏళ్లు దాటినవాటికి రెండు వేలు చేశారు. అది భరించవచ్చు. కానీ అదే 2021 ఉత్తర్వు గడువు దాటిన ప్రతి నెలకూ మరో 300 అదనంగా వేసింది. నాలుగేళ్లు కొట్టంలో పడున్న బండికి ఇది 14,400 రూపాయలు. ఆ స్థితిలో ఉన్న బండి ధర చాలాసార్లు అంత ఉండదు. రోడ్డెక్కని బండి రోడ్డెక్కనందుకు కట్టే జరిమానా ఇది. మరోవైపు 2021 జులైలో తెచ్చిన వింటేజ్ నిబంధనలు యాభై ఏళ్లు దాటిన బండ్లకు ప్రత్యేక నంబరు, పదేళ్ల రిజిస్ట్రేషన్ ఇచ్చి గౌరవించాయి. వాటిని రోజువారీ పనులకు వాడకూడదు, ప్రదర్శనలకే. షోకు బండికి ఒక దారి చూపించి, షిఫ్టుకు పోయే కాంట్రాక్టు కార్మికుడి బండికి మూసేసినట్టయింది. 2025 సెప్టెంబరులో జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గాక కొత్త బండ్లు చవకయ్యాయి కదా అనవచ్చు. తగ్గినా వంద సీసీ బండి రోడ్డెక్కేసరికి 70 వేల పైమాటే. పాతదాన్ని తుక్కుకిస్తే 2021 తుక్కు విధానం చెప్పేది కొత్త బండి షోరూం ధరలో నాలుగు నుంచి ఆరు శాతం. ఆ లెక్కన మూడు నాలుగు వేలు. మిగతాదంతా ఫైనాన్స్ కంపెనీకి నెలనెలా కట్టాల్సిందే.

పాత బండ్ల రిజిస్ట్రేషన్ సులువు చేస్తే దొంగబండ్లకు అది దొడ్డిదారి అవుతుందన్న భయం మాత్రం ఉత్తది కాదు. పల్లెల్లో బండి మూడు చేతులు మారినా ఆర్సీ మొదటి యజమాని పేరు మీదే ఉంటుంది. చట్టంలోని 50వ సెక్షన్ ప్రకారం రాష్ట్రం లోపల అమ్మితే అమ్మినవాడు 14 రోజుల్లో, కొన్నవాడు 30 రోజుల్లో ఆర్టీఏకు తెలపాలి. తెలపకపోతే ఏమవుతుందో 2018లో సుప్రీంకోర్టు నవీన్ కుమార్ కేసులో తేల్చేసింది: ప్రమాదం జరిగితే రికార్డులో పేరున్నవాడే యజమాని, పరిహారం బాధ్యత అతడిదే. పదేళ్ల కిందట ఐదు వేలకు బండి అమ్మి మరచిపోయిన రైతుకు ఈ సంగతి తెలిస్తే నిద్రపట్టదు. దీనికి మందు రిజిస్ట్రేషన్‌ను కష్టం చేయడం కాదు. కష్టమైన కొద్దీ కాగితం లేని బండ్లే పెరుగుతాయి. బండిని విప్పకముందే స్టీరింగ్ మెడ దగ్గరున్న చాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలు రుద్ది ముద్ర తీసుకుని ఆర్సీతో పోల్చుకోవడం కొనేవాడి పని. మందంగా పెయింటు కొట్టాక ఆ అంకెలు కనిపించవు. వేరే బండి ఇంజిన్ ఎక్కిస్తే ఆ మార్పును ఆర్సీలో ఎక్కించుకోవాలి.

ప్రభుత్వం చేయాల్సింది పెద్ద ఖర్చుతో కూడుకున్నదేమీ కాదు. వాడకంలో లేదని ముందే రాసిచ్చిన బండికి నెలవారీ అదనపు రుసుము ఎత్తేయాలి. ఏడాదికి రెండుసార్లు మండల కేంద్రాల్లో ఆర్టీఏ శిబిరం పెట్టి, చాసిస్ నంబరును దొంగతనాల రికార్డుతో సరిచూసి, బ్రేకులు, లైట్లు, పొగ పరీక్షించి, యాజమాన్య బదిలీ, రెన్యువల్ రెండూ ఒకే పూటలో పూర్తిచేయాలి. రాష్ట్రంలో 65 ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని 2024లో మొదలైంది. అక్కడి మోటార్ మెకానిక్ ట్రేడు విద్యార్థులను ఈ శిబిరాల్లో బ్రేకు పరీక్షకు కూర్చోబెడితే వాళ్లకూ చేతినిండా పని. బ్రేకు పట్టని బండిని మూడేళ్లదైనా వెనక్కి పంపాలి, పట్టినదాన్ని ఇరవై మూడేళ్లదైనా పాస్ చేయాలి.