కుట్టుమిషను కాదు, పనివేళ కావాలి

ఫిజియోథెరపీ చదివిన ముస్లిం యువతులు పెళ్లికాగానే పని మానేస్తారనీ, వారిని నియమించుకోవడం దండుగనీ ఆబిడ్స్, నాంపల్లి ప్రాంతాల క్లినిక్కుల యజమానులు మాతో తరచు అంటుంటారు. కారణం అడిగితే పర్దా అంటారు, అత్తవారిల్లు అంటారు. గోడమీద తాము వేలాడదీసిన పనివేళల పట్టికవంక మాత్రం చూడరు.

ఆ పట్టికలో ఏమున్నది? ఉదయం 9 నుండి 1 దాకా, మళ్లీ సాయంత్రం 5 నుండి 9 దాకా. టోలీచౌకి నుండి వచ్చే అమ్మాయి నడుమ నాలుగు గంటలు ఎక్కడ కూర్చోవాలి? రాత్రి 9 దాకా ఆమె చంటిబిడ్డ ఎవరి ఒడిలో ఉండాలి? ఎనిమిది గంటల జీతానికి పన్నెండు గంటల దినాన్ని మింగే ఈ ఏర్పాటులో పర్దా ప్రసక్తి ఎక్కడిది? బురఖా ధరించని సోదరీమణులు సైతం ఈ కారణాననే మానుకుంటున్నారు కదా!

చట్టమున్నదని కొందరు మాకు బోధిస్తారు. 2017 సవరణతో ప్రసూతి సెలవు 26 వారాలైనది. 50 మంది పనిచేసే చోట శిశు సంరక్షణ కేంద్రం ఉండాలన్నారు. పని స్వభావం అనుమతిస్తే సెలవు తరువాత ఇంటినుండి పనిచేయవచ్చునన్నారు. కాని పదిమందికి తక్కువ సిబ్బందిగల దుకాణాలకు, సంస్థలకు ఆ చట్టమే వర్తించదు. చిరాగ్ అలీ గల్లీలో నలుగురితో నడిచే క్లినిక్కుకు అది ఏపాటి అడ్డు? ఇంటినుండి పని మాట సరేసరి. పక్షవాతంతో బిగిసిన చేతిని ఫోనులో సాగదీయలేము.

ఈ వృత్తికి కావలసింది చోటు మార్పు కాదు, వేళ మార్పు. రోగి ముందుగా సమయం తీసుకొని వస్తాడు, అరగంటో ముప్పావుగంటో చికిత్స పొంది వెళ్తాడు. ఒక ఉద్యోగాన్ని ఇద్దరు పంచుకొని ఒకరు ఉదయం, మరొకరు సాయంత్రం చేస్తే వచ్చే నష్టమేమిటి? చెయ్యి మారితే రోగికి గురి కుదరదంటారు. నిజమే. ఉదయం రోగిని ఎప్పుడూ ఉదయమే పిలిస్తే చెయ్యి ఎందుకు మారుతుంది? స్త్రీ చేతనే మోకాలికి చికిత్స చేయించుకుంటామని పట్టుబట్టే మన పెద్దమ్మలు, నానీమాలు ఈలోగా నొప్పితోనే నమాజు కుర్చీ వెతుక్కుంటున్నారు.

పనివేళలు మార్చితే వ్యవస్థ కూలుతుందన్న భయం మాకు నవ్వు తెప్పిస్తుంది. రంజాన్ మాసంలో ముస్లిం ఉద్యోగులు సాయంత్రం 4 గంటలకే వెళ్లవచ్చునని తెలంగాణ ప్రభుత్వం ఉత్తర్వులిస్తూనే ఉన్నది. సర్కారీ కొలువులో ఏళ్ల తరబడి ఫైళ్లు మోసినవారం కనుక చెబుతున్నాము: దానివలన ఏ ఫైలూ ఆగలేదు. (ఆగిన ఫైళ్లు వేరే కారణాలతో ఆగాయి.)

ముస్లిం శ్రామిక మహిళలు అధికంగా ఇంటిపట్టు పనులకే పరిమితమయ్యారని 2006లో సచార్ కమిటీ చెప్పింది. నేటికీ మైనారిటీ మహిళ అనగానే ప్రభుత్వానికి కుట్టుమిషనే గుర్తుకువస్తుంది. నాలుగేళ్లు శరీరశాస్త్రం చదివి, ఆపైన ఇంటర్న్‌షిప్ చేసిన యువతికి, 2021 చట్టం ఆరోగ్య వృత్తి నిపుణురాలిగా గుర్తించిన యువతికి, ఇదా ఉపాధి? నాంపల్లి హజ్ హౌస్‌లోని మైనారిటీ ఆర్థిక సంస్థ ఆమెకు చికిత్స బల్ల, అల్ట్రాసౌండ్ యంత్రం కొనుక్కునే రుణమివ్వాలి. ప్రభుత్వాసుపత్రులు పూటవారీ పోస్టులు మంజూరు చేయాలి.

అంతకుముందు, సమాజం పేరిట చందాలు స్వీకరించే మన ట్రస్టు ఆసుపత్రులనే అడుగుతున్నాము. ఒక్కొక్క చోట రెండు పూటవారీ ఉద్యోగాలకు, సగం జీతంతో, పూర్తి గౌరవంతో, వచ్చే నెలలోనే ప్రకటన వేయండి. దరఖాస్తులు మేమే తెచ్చిస్తాము.