కీలు మార్చుటకు ముందే నడక నేర్చుకొనండి



మన సంఘములలోని పెద్దలనేకులు, ముఖ్యముగా బ్రతుకంతా నాట్లలోను కలుపులోను వంగి పనిచేసిన తల్లులు, మోకాళ్ల అరుగుదలతో బాధపడుచున్నారు. కొందరు కీలు మార్పిడి ఆపరేషను చేయించుకొనుచున్నారు. పిల్లలు తలా కొంత వేసికొనియో, అప్పు తెచ్చియో డబ్బు సమకూర్చుదురు. తీరా ఇంటికి వచ్చిన తరువాత ఫిజియోథెరపీ అనగానే, "ఇంత పెట్టాము, ఇంకా దానికి కూడానా?" అని ఆగిపోవుదురు. ఈ నెల ఆ సంగతి ఆలోచించుదము.

ఆపరేషనులో డాక్టరుగారు అరిగిన ఎముక కొనలను తీసి, లోహపు భాగములను, వాటి మధ్య గట్టి ప్లాస్టిక్ ముక్కను అమర్చుదురు. కాని ఆ కీలును నడిపించవలసినది తొడ కండరము. ఏండ్ల తరబడి నొప్పి వలన అది ముందే నీరసించి యుండును. ఆపరేషను తరువాత మరింత నీరసించును. మొదటి వారములలో కాలు కదల్చనియెడల కీలు లోపల బిగుసుకొని వంగక పోవచ్చును. అప్పుడు మరల మత్తుమందిచ్చి వంచవలసి రావచ్చును. అది మరియొక ఖర్చు, మరియొక బాధ.

2017 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వము మోకాలి పరికరముల ధరకు హద్దు పెట్టినది. ఎక్కువగా వాడే కోబాల్టు క్రోమియం రకమునకు అప్పుడు పన్ను గాక 54,720 రూపాయలని నిర్ణయించినది. అంతకుముందు సగటు ధర లక్షన్నర దాటి యుండెను. ఆ విధముగా పరికరము భారము తగ్గినది గాని, తరువాతి సంరక్షణ భారము కుటుంబము మీదనే యున్నది.

మరి ఫిజియోథెరపీకి పెట్టిన డబ్బు వృథాయా? 2014లో అమెరికాలో 4,733 మంది తుంటి, మోకీలు మార్పిడి రోగుల లెక్కలు పరిశీలించిరి. ఆపరేషనుకు ముందు ఫిజియోథెరపిస్టును కలవని వారిలో నూటికి దాదాపు 80 మందికి తరువాత నర్సుల సంరక్షణ వంటివి అవసరమాయెను. కలిసినవారిలో 54 మందికే. ఒక్కొక్కరికి సుమారు 1,215 డాలర్లు ఆదా అయినట్లు అంచనా వేసిరి. ముందుగా వెళ్లినవారు స్వతహాగా మరి కొంచెము ఆరోగ్యవంతులై యుండవచ్చును గనుక దీనిని జాగ్రత్తగా తీసికొనవలెను. అయినను మేలు కలిగినది ఎక్కువ సిట్టింగుల వలన కాదనియు, వాకరు పట్టుట, ఇంటిని సిద్ధపరచుకొనుట ఒకటి రెండు సిట్టింగులలో నేర్చుకొనుట వలననేననియు వారు తలంచిరి.

2017లో ఆస్ట్రేలియాలోని సిడ్నీలో 165 మందితో మరియొక పరీక్ష ప్రచురింపబడెను. ఆపరేషను తరువాత పది దినములు ఆసుపత్రిలో ఉంచి వ్యాయామము చేయించిన వారును, నేరుగా ఇంటికి వెళ్లి ఫిజియోథెరపిస్టు పర్యవేక్షణలో చేసినవారును ఆరు నెలల తరువాత సమానముగానే నడిచిరి. కాబట్టి ఖరీదైనది అక్కరలేదు. క్రమము తప్పనిది, చూచి దిద్దువారున్నది కావలెను.

మన ఇండ్లలో చేయదగినవి ఇవి:

1. ఆపరేషనుకు ముందే ఒకటి రెండు సిట్టింగులకు వెళ్లండి. ఇంటివద్ద చూచుకొనబోవు కోడలినో కుమారునో వెంట తీసికొని వెళ్లండి. మంచము దిగుట, మెట్లెక్కుట వారును నేర్చుకొనవలెను. వ్యాయామములు కాగితము మీద వ్రాయించుకొనండి. ప్రభుత్వ ఆసుపత్రిలో ఫిజియోథెరపీ విభాగమున్నదేమో విచారించండి.

2. ఎత్తైన మంచము, చేతులున్న కుర్చీ, కమోడు కుర్చీ సిద్ధము చేయండి. జారు చాపలు తీసివేయండి.

3. పాదము పైకి క్రిందికి ఆడించుట, మోకాలిని పరుపుకు నొక్కి తొడ బిగించుట, మడమను వెనుకకు జరుపుట మొదలైనవి చెప్పినన్ని సార్లు చేయించండి. మోకాలి క్రింద దిండు పెట్టి వదలివేయవద్దు. కాలు చాపరాకుండా పోవును.

4. కుర్చీలో సుఖముగా కూర్చొనుటకు మోకాలు దాదాపు 90 డిగ్రీలు వంగవలెను. వారము వారము వంపు పెరగనియెడల బస్సు ఛార్జీకి వెనుకాడక వెళ్లి చూపించండి. జ్వరము, గాయము నుండి చీము, పిక్కలో వాపు నొప్పి, ఆయాసము కలిగినచో ఆ దినమే వెళ్లవలెను.

కుమారులారా, కుమార్తెలారా, "అమ్మ కష్టపడింది, పడుకోనీ" అనుట ప్రేమయే. అయినను ఆ మొదటి వారములలో ఆమె మూలిగినను ఓర్పుతో చేయి పట్టి లేపుట అంతకంటె మేలైన ప్రేమ. సంఘ పెద్దలారా, ఆరాధనలో అట్టివారికి కుర్చీ వేయండి. మోకాళ్లూనలేదని ఎవరును వారిని తక్కువగా చూడకుందురు గాక.