నిల్వ మాంసం భద్రతకు ముక్కు సాక్ష్యం చాలదు

మాదాపూర్‌లో 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటి నుంచి హైటెక్ సిటీ, గచ్చిబౌలి, కొండాపూర్ ప్రాంతాల జీవనంతో పాటు ఆహారపు అలవాట్లూ మారుతూ వచ్చాయి. రాత్రి షిఫ్టు ముగించుకొని వచ్చే ఉద్యోగి ఫ్రిజ్‌లో చికెన్ సలామీ, హామ్, సాసేజ్ ప్యాకెట్లు ఉండటం నేడు వింత కాదు. పొయ్యి వెలిగించకుండా రొట్టె ముక్కల నడుమ పెట్టుకొని తినగలగడమే వీటి ఆకర్షణ. వేడి చేయకుండా తినడమే వీటిలోని ప్రమాదానికీ మూలం.

ఉప్పు పట్టిన మాంసం చెడదన్న నమ్మకం తెలుగువారికి అనుభవం నేర్పినదే. తెలంగాణ పల్లెల్లో ఉప్పు, పసుపు పట్టించి దండెంపై ఎండబెట్టే తునకలు, ఆంధ్ర ప్రాంతపు ఉప్పుకండం నెలల తరబడి నిలుస్తాయి. అక్కడ మాంసాన్ని కాపాడేది ఉప్పు ఒక్కటే కాదు, నీరు ఇగిరిపోవడం కూడా. తినే ముందు వాటిని ఉడికిస్తారు కూడా. హామ్ స్లైసుల్లోనైతే ఉప్పు సుమారు 2 నుంచి 3 శాతమే. తేమ 70 శాతం వరకు ఉంటుంది. నైట్రైటు గులాబీ రంగునిచ్చి, బొటులినమ్ వంటి క్రిములను అడ్డుకుంటుందే తప్ప చల్లదనానికి ప్రత్యామ్నాయం కాదు. పాత నమ్మకాన్ని ఈ కొత్త పదార్థానికి అన్వయించడం పొరపాటు.

చెడిపోయిన మాంసం కొన్ని గుర్తులు చూపుతుంది. లాక్టిక్ ఆమ్ల బాక్టీరియా పెరిగితే పుల్లని వాసన, వేలికి అంటే జిగురు, తెల్లని మడ్డి నీరు కనిపిస్తాయి. వాయువు చేరి వాక్యూమ్ ప్యాకెట్ ఉబ్బవచ్చు. కొన్ని బాక్టీరియాల వల్ల ఆకుపచ్చ మచ్చలు ఏర్పడతాయి. వీటిలో ఏది కనిపించినా రుచి చూడకుండా పారవేయాలి. అయితే కోసిన ముఖంపై ఇంద్రధనుస్సు వలె మెరిసే రంగులు కాంతి వల్ల కలిగేవే. గులాబీ రంగు కొంత వెలవెలబోవడానికి గాలి, వెలుతురు కారణం కావచ్చు. ఇవి మాత్రమే చెడుకు నిదర్శనాలు కావు.

అసలు చిక్కు వేరే ఉంది. వాసన పుట్టించే క్రిములు, రోగం కలిగించే క్రిములు తరచుగా వేర్వేరు. లిస్టీరియా మోనోసైటోజీన్స్ ఫ్రిజ్ చల్లదనంలోనూ మెల్లగా పెరుగుతుంది. రంగు, రుచి, వాసనల్లో మార్పు చూపకపోవచ్చు. దక్షిణాఫ్రికాలో 2017-18లో పొలోనీ అనే నిల్వ మాంసం ద్వారా వ్యాపించిన ఈ వ్యాధి వెయ్యి మందికి పైగా సోకి, 200 మందికి పైగా ప్రాణాలు తీసింది. 2024లో అమెరికాలో ఇటువంటి మాంసం వల్లనే 10 మంది మరణించారు. గర్భిణులు, వృద్ధులు, రోగనిరోధక శక్తి తగ్గినవారు దీనికి ఎక్కువగా గురవుతారు. తిన్న కొన్ని వారాలకు గాని లక్షణాలు బయటపడకపోవచ్చు కనుక, కారణమైన ప్యాకెట్ ఎవరికీ గుర్తుండదు.

కాబట్టి ముక్కు కంటే ముందు తేదీని, ఉష్ణోగ్రతను నమ్మాలి. ఫ్రిజ్ 4 డిగ్రీల సెల్సియస్ లేదా అంతకంటే తక్కువలో ఉండాలి. ప్యాకెట్‌ను తలుపు అరలో గాక లోపలి వైపు ఉంచాలి. తెరిచిన రోజును ప్యాకెట్‌పైనే రాసి, స్లైసులను 3 నుంచి 5 రోజుల్లో ముగించాలి. ముద్రించిన గడువు తేదీ తెరవని ప్యాకెట్‌కే వర్తిస్తుంది. బయట 2 గంటలకు మించి, 32 డిగ్రీలు దాటిన వేడిలో గంటకు మించి ఉన్నదాన్ని తినరాదు. వేసవి మధ్యాహ్నం అపార్ట్‌మెంటు గేటు వద్ద వదిలివెళ్లిన పొట్లానికి ఈ నియమం మరింత అవసరం. గర్భిణులు, వృద్ధులు 74 డిగ్రీల వరకు, ఆవిరి వచ్చేలా వేడిచేసిన తరువాతే తినాలి.

వాసన బాగున్న ఆహారాన్ని పారవేయడం వృథా కాదా అన్న ప్రశ్న సహజమే. చిన్న ప్యాకెట్ కొనడం, మిగిలేదాన్ని తెరిచిన రోజే విడివిడిగా గడ్డకట్టించడం దానికి సమాధానం. వృథాను కొనేటప్పుడే నివారించాలి. గడువు దాటాక తిని కాదు.

ఈ మాటలు చెప్పవలసినవారు నగరానికి దూరంగా లేరు. చెంగిచర్లలో జాతీయ మాంస పరిశోధన సంస్థ, రాజేంద్రనగర్‌లో పశువైద్య విశ్వవిద్యాలయం, సైఫాబాద్‌లో కమ్యూనిటీ సైన్స్ కళాశాల ఉన్నాయి. కాని విస్తరణ అంటే రైతు షెడ్డు వరకే అన్న ధోరణి ఇంకా పోలేదు. పరిశుభ్రంగా పెంచి, శాస్త్రీయంగా శుద్ధిచేసిన మాంసం చివరి పది అడుగుల్లో, అంటే వంటింటి ఫ్రిజ్‌లో, పాడైతే వినియోగదారుని ఆరోగ్యంతో పాటు కోళ్ల రైతుపై నమ్మకమూ దెబ్బతింటుంది. గేటెడ్ కాలనీలు, పీజీ హాస్టళ్లు, కార్యాలయ క్యాంటీన్లు కూడా విస్తరణ క్షేత్రాలే. అక్కడి ఫ్రిజ్‌లో ఒక థర్మామీటర్ ఉంచి చూపడం విద్యార్థులకు మంచి క్షేత్ర పాఠం, ఆ ఇంటివారికి మేలైన రక్షణ.