చదవలేని పిల్లలకు బడిలో రోజుకొక గంట

ఐదో తరగతికి వచ్చినా గుణింతాలు దాటని పిల్లలు, ఒత్తు కనబడగానే ఆగిపోయే పిల్లలు మన ప్రాథమిక పాఠశాలల్లో ఎందరో ఉన్నారు. వారి చేతిలో ఉన్నది మాత్రం ఐదో తరగతి వాచకం. పాఠం నడుస్తుంది, ముందు వరుస జవాబు చెబుతుంది, సిలబస్ ముందుకు పోతుంది. లెక్కల్లోనూ ఇదే వరస. పదులు అరువు తెచ్చుకుని తీసివేయడం రానివారి ముందు భాగహారం, ఆ వెంటనే భిన్నాలు వచ్చి పడతాయి. ఈ పిల్లలు తెలివి తక్కువై కాదు, వారికి అందేచోట పాఠం మొదలుకాకే వెనకబడుతున్నారు.

విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. పాఠ్యాంశాలన్నీ గడువులోగా పూర్తి చేయడం ఉపాధ్యాయుల విధి అని దాని 24వ సెక్షన్ చెబుతుంది. ప్రతి విద్యార్థి నేర్చుకునే శక్తిని అంచనా వేసి, అవసరమైతే అదనంగా బోధించడమూ విధేనని అదే సెక్షన్ చెబుతుంది. తనిఖీల్లో ఎక్కువగా అడిగేది మొదటిదాన్ని. అడిగిన పనే బడిలో జరుగుతుంది. ఆ తప్పు ఉపాధ్యాయుల మీద వేయడం న్యాయం కాదు.

ఈ పిల్లలను అందుకునే దారి కొత్తదేమీ కాదు. ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ 2001-03 మధ్య ముంబై, వడోదరల్లో వెనకబడిన పిల్లలను రోజులో కొంతసేపు విడిగా కూర్చోబెట్టి, స్థానిక యువతులతో అక్షరాలు, అంకెల నుంచి చెప్పించింది. 2019లో నోబెల్ పొందిన అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లోల బృందం ఆ ఫలితాలను కొలిచింది. బాగా వెనకబడినవారే ఎక్కువ లాభపడ్డారు. తర్వాత హర్యానా ప్రభుత్వ బడుల్లో తరగతులతో నిమిత్తం లేకుండా, పిల్లల స్థాయిని బట్టి రోజుకొక గంట ప్రభుత్వ ఉపాధ్యాయులే బోధించారు. హిందీ చదవడం మెరుగుపడింది. బీహార్‌లో బోధన సామగ్రి మాత్రమే పంచిన చోట మార్పు రాలేదు. కాబట్టి టైమ్‌టేబుల్‌లో గంట కేటాయించడమే కీలకం.

ఇలా స్థాయిని బట్టి జట్లు కట్టడంలో ప్రమాదమూ ఉంది. మార్కులను బట్టి సెక్షన్లు విడదీసి, కింది సెక్షన్‌ను గాలికొదిలేసే అలవాటు మన కార్పొరేట్ కళాశాలల్లో చూస్తున్నదే. ఈ గంటలో జట్టు ఆ గంటకే ఉండాలి, రెండు నెలలకొకసారి మారాలి. అనుభవజ్ఞులైన ఉపాధ్యాయులు అట్టడుగు జట్టుకే వెళ్లాలి. స్థాయి తెలుసుకునే పరీక్ష ఒక్కొక్కరితో చదివించి నోటితోనే జరగాలి, కాగితం మీద కాదు.

ఇంట్లో కోయ, సవర, గోండి మాట్లాడే పిల్లల విషయం వేరు. తెలుగు చదవలేకపోవడాన్ని బట్టి వారి స్థాయి నిర్ణయించడం అన్యాయం. ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు సదుపాయం కల్పించాలని రాజ్యాంగం 350ఎ అధికరణంలో చెబుతోంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో గిరిజన భాషల్లో వాచకాలతో బోధన ఒకప్పుడు మొదలైంది. ఆ వాచకాలు ఈ గంటలో తిరిగి పిల్లల చేతికి రావాలి.

తెలంగాణ 2022లో ఒకటి నుంచి ఐదు తరగతులకు చదవడం, లెక్కల పునాది కోసం తొలిమెట్టు కార్యక్రమాన్ని ప్రారంభించింది. మూడో తరగతి ముగిసేలోగా పిల్లలందరికీ చదవడం, లెక్కలు రావాలని కేంద్రం 2021లో నిపుణ్ భారత్ తెచ్చింది. ఈ పథకాలు నిలబడాలంటే మూడు నుంచి ఏడు తరగతుల వరకు ఈ గంట తప్పనిసరి కావాలి. ఆ సమయంలో యాప్‌లో వివరాలు నింపడం, సర్వేలు వంటి పనులేవీ ఉపాధ్యాయులకు అప్పగించకూడదు. ఏకోపాధ్యాయ పాఠశాలకు ఒక విద్యా వాలంటీరును ఇవ్వాలి. తనిఖీ అధికారి ముందుగా అట్టడుగు జట్టు పిల్లలతో చదివించి చూడాలి.

పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులు, సంరక్షకులే ఉండాలని విద్యాహక్కు చట్టం చెబుతోంది. బడి తెరిచాక జరిగే తొలి సమావేశంలోనే కమిటీ ఈ గంట కోసం తీర్మానం చేసి, దాని ప్రతిని మండల విద్యాశాఖాధికారికి అందజేయాలి.