వంటింటి తూము - మన బాధ్యత

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. పారిశుద్ధ్యాన్ని గురించి సభలలో ఉపన్యసించే మనం, మన వంటింటి తూములో దినదినమూ ఏమి పోస్తున్నామో ఎన్నడైనా గమనించామా? ప్రశ్న అల్పమైనదే, కాని దాని పర్యవసానం ఒక మనిషి ప్రాణం దాకా పోతున్నది.

మన పూర్వుల వంటింట వృథా బహు స్వల్పం. బియ్యం కడిగిన నీళ్లు, గంజి, కూరగాయల తొక్కలు కుడితి తొట్టిలో చేరి గేదెకు ఆహారమయ్యేవి. మిగిలినది పెరటి ఎరువుదిబ్బకు పోయేది. నేడు పట్టణాలలో గేదె లేదు, పెరడు లేదు. భూగర్భ మురుగు కాలువలు లేని చోట్ల మరుగుదొడ్డి నీటితో పాటు వంటింటి నీటిని కూడా సెప్టిక్ ట్యాంకులోనికే మళ్లిస్తున్న ఇండ్లు అనేకం. కంటికి కనబడనిది లేనట్లేనని మన భ్రమ.

సెప్టిక్ ట్యాంకు కేవలం గొయ్యి కాదు. అందులో బరువైన పదార్థం అడుగున మడ్డిగా దిగుతుంది. నూనె, కొవ్వు పైకి తేలి తెట్టు కడతాయి. నడుమనున్న నీరు ఇంకుడు గుంటకు పోయి నేలలో ఇంకుతుంది. గాలి అవసరం లేని సూక్ష్మజీవులు మడ్డిని మెల్లమెల్లగా జీర్ణం చేస్తాయి. అయితే వాటి శక్తికి ఒక హద్దు ఉన్నది. విందు ముగిసిన రాత్రి బిర్యానీ డేగిసా కడిగిన జిడ్డు నీరు, వేడిగా ఉన్నప్పుడు సులువుగానే జారిపోతుంది. చల్లారిన పిమ్మట గొట్టంలో గడ్డకడుతుంది. టీ పిప్పి, మెతుకులు, ఎముక ముక్కలు అడుగున పేరుకొంటాయి. జిడ్డు ఇంకుడు గుంటకు చేరితే మట్టి రంధ్రాలు పూడిపోయి నీరు ఇంకదు. అప్పుడు దుర్వాసన పోగొట్టాలని యాసిడ్, ఫినాయిలు ధారాళంగా కుమ్మరించి, మనకు మేలు చేసే సూక్ష్మజీవులనే చంపుకొంటాము. రెండు మూడేండ్లకొకసారి తీయించవలసిన ట్యాంకు ముందుగానే నిండిపోతుంది.

నిండిన ట్యాంకును ఖాళీ చేసేది ఎవరు? ఇదే అసలు ప్రశ్న. గట్టిపడిన మడ్డి యంత్రపు గొట్టానికి లొంగని చోట మనిషిని దింపే దురాచారం ఇంకా సమసిపోలేదు. మూసిన ట్యాంకులో హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు పేరుకొని ఉంటుంది. అది మితిమీరినప్పుడు వాసన పసిగట్టే శక్తినే హరిస్తుంది. కొద్ది శ్వాసలతోనే మనిషి కూలిపోవచ్చు. అతనిని కాపాడబోయి దిగినవాడికీ అదే గతి పట్టవచ్చు. ఈ మృతులలో అత్యధికులు దళిత కుటుంబాలవారు కావడం మన సమాజానికి తీరని కళంకం. రక్షణ సాధనాలు లేకుండా మనిషిని ట్యాంకులోనికి దింపడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది. తొలి నేరానికే 2 సంవత్సరాల వరకు జైలు గాని, 2 లక్షల రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని విధించవచ్చును. మృతుల కుటుంబాలకిచ్చే పరిహారాన్ని సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో 10 లక్షల నుండి 30 లక్షల రూపాయలకు పెంచింది.

డబ్బిచ్చి తీయిస్తున్నాము గదా అనేవారున్నారు. డబ్బు పనికి వెల, ప్రాణానికి కాదు. పోసేది మనం, దిగేది మరొకరు. ఈ అన్యాయంలో మన పాలు ఎంతో కొంత ఉన్నది.

చేయవలసినది కష్టమేమీ కాదు. ఎంగిలి పళ్లేలను కడుగక ముందే మెతుకులను బుట్టలోనికి దులపాలి. జిడ్డును పాత కాగితంతో తుడవాలి. సింకుకు జాలీ అమర్చాలి. తొక్కలను గుంటలో వేసి ఎరువు చేయాలి. కళాశాల కమిటీవారికి మన మనవి ఒక్కటే: ఈ పద్ధతి మన వసతిగృహపు వంటశాలలోనే మొదలు కావాలి. అక్కడ జిడ్డును ఆపే చిన్న తొట్టి కట్టించి, క్రమం తప్పక శుభ్రం చేయించాలి. ట్యాంకును యంత్రంతోనే తీయించి, ఆ తేదీని పుస్తకంలో వ్రాయించాలి.

మురుగు కాలువ అన్నా, మోరీ అన్నా, ఉర్దూ తరగతివారైనా, తెలుగు తరగతివారైనా, మనం పోసేది చేరే చోటు ఒక్కటే. తూము వద్ద మన చేయి ఒక్క క్షణం ఆగితే, ఆ గోతిలోనికి ఒక మనిషి దిగే అవసరం తప్పవచ్చు.