సఫాయీ వద్దు బేటా, కహానీ చెప్పు

మన ఇళ్లలో పిల్లలు డాక్టర్ అవుతామంటే మాషా అల్లాహ్ అంటాం. ఇంజనీర్ అంటే దువా చేస్తాం. గల్ఫ్ పోతామంటే ఫిక్ర్ పడుతూనే పాస్‌పోర్టుకు పైసలిస్తాం. అదే పిల్లో పిల్లగాడో ‘ఫిల్ములు తీయడం నేర్చుకుంటా’ అంటే మాత్రం ఇంట్లో ముందు ఖామోషీ. తర్వాత అమ్మీ ఏడుపు, అబ్బా గుస్సా, ఎక్కడో ఉన్న ఫుప్పూ నుంచి ఫోను.

మా ఆపా కూతురు హైదరాబాద్‌లో మాస్ కమ్యూనికేషన్ చదువుతోంది. తెర మీద కథ చెప్పడమంటే ఆ పిల్లకు పిచ్చి షౌఖ్. ఇప్పటికి రెండు చిన్న ఫిల్ములు తీసింది, మూడోది రాస్తోంది. అన్నీ ఫోను కెమెరాతోనే. ఆ మూడింటి గురించి ఇక్కడ రాస్తున్నానంటే, అవి మా ఇంటి ముచ్చట దాటి మన కౌమ్ మొత్తం ఆలోచించాల్సిన సవాల్ దగ్గరికి తీసుకుపోయాయి కాబట్టి.

మొదటిది దాదీ పాన్‌దాన్ మీద, నాలుగు నిమిషాలు. దాదీకి ఎనభై దాటాయి, పర్దా పాటించే మనిషి. ‘నా మొహం తీయొద్దు బేటీ, కావాలంటే చేతులు తీసుకో’ అంది. మొహం లేకుండా ఫిల్మేంటని మా భాంజీ రెండు రోజులు అలిగి, ఆఖరికి చేతులే తీసింది. ఆకు తుడవడం, ఈనె తీయడం, సున్నమూ కత్థా రాయడం, సరోతాతో వక్క కత్తిరించడం. వెనక నుంచి దాదీ గొంతు తన షాదీ సంగతి చెప్తుంటుంది. చివర్న పాన్ మడిచి కెమెరా వైపు చాపుతుంది. అంతే ఫిల్ము. అందులో దాదీ మొహం లేదు గానీ, చూసిన ప్రతివాళ్లకూ వాళ్ల దాదీ మొహం గుర్తొచ్చింది.

అదబ్ పాటిస్తే కళ చచ్చిపోతుందనుకునే పిల్లలకు ఇది చెప్పాలి. మన ఇళ్లలో చాలామంది చూసిన ‘ది మెసేజ్’నే తీసుకోండి. 1976లో ముస్తఫా అక్కాద్ తీశాడు. ఒకే కథను అరబీలో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి, వేర్వేరు నటులతో తీశాడు. ఇంగ్లీషులో హజ్రత్ హంజా పాత్ర ఆంథొనీ క్విన్‌ది, అరబీలో అబ్దుల్లా ఘైథ్‌ది. ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లమ్ వారి రూపం ఎక్కడా కనిపించదు, గొంతు వినిపించదు. ఎదుటివాళ్లు కెమెరా వైపు చూసి మాట్లాడతారు. ఆ ఫిల్ము మీదా అప్పట్లో తక్రార్లు నడిచాయి. అయినా హద్దులోనే ఉండి దారి వెతుక్కోవచ్చని అది చూపించింది. దాదీ పెట్టిన షరతు కూడా మా భాంజీకి అట్లాగే పనికొచ్చింది.

రెండో ఫిల్ము కిరాయి ఇల్లు. మనలో చాలామందికి ఎరికైన కథే. ఫోన్లో అంతా సరే అంటారు, ఇల్లు చూపిస్తారు, పేరు అడుగుతారు, ‘మా అబ్బాయితో మాట్లాడి చెప్తాం’ అంటారు. ముందు తీసినప్పుడు ఏడు నిమిషాలు వచ్చింది. అందులో చివరి మూడు నిమిషాలూ అన్న పాత్ర స్పీచే. అష్ఫాఖుల్లా ఖాన్, అబ్దుల్ కలామ్, ఈ మట్టి కోసం మావాళ్లూ జాన్ ఇచ్చారు, మమ్మల్ని షక్ చేయకండి. క్లాసులో చూపిస్తే చప్పట్లు కొట్టారట. చప్పట్లయ్యాక వెనక బెంచీలో దళితవాడ నుంచి వచ్చిన ఒక పిల్లవాడు లేచి అన్నాడట: ‘ఆ స్పీచ్ సంగతేమో గానీ, దానికి ముందు ఒక షాట్ ఉంది. పేరు వినగానే ఓనరమ్మ చేతిలోని తాళంచెవి మళ్లీ కొంగుకు ముడేసుకుంటది. మా అమ్మకు అచ్చం అట్లనే అయింది. మమ్మల్ని ఇంటిపేరు అడుగుతరు, అంతే తేడా.’

ఆ రాత్రే మా భాంజీ స్పీచంతా తీసేసింది. ఫిల్ము ఇప్పుడు నాలుగు నిమిషాలు. కొంగుకు ముడి పడటంతో అయిపోతుంది.

ఆ పిల్లవాడికి కనపడింది మనకు ఎందుకు కనపడలేదు? స్పీచ్ అంటే సఫాయీ. అదాలత్‌లో బోనెక్కినవాడు ఇచ్చుకునేది సఫాయీ. మన పిల్లలు కెమెరా పట్టుకోగానే ముందు వెళ్లి బోనులో నిలబడుతున్నారు. ‘మేం మంచోళ్లం, మేం వఫాదార్లం’ అని చెప్పడం మొదలుపెడుతున్నారు. ఇల్జామ్ ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో వాళ్లే జవాబివ్వాలి. దానికి మన పిల్లల కళంతా ఖర్చు కావాలా?

సఫాయీ ఎందుకిస్తున్నారో నాకు అర్థమవుతుంది. మన సినిమాల్లో సాయబు ఎట్లా ఉంటాడు? హీరో కోసం జాన్ ఇచ్చే దోస్తు, పండగ రోజు ఖవ్వాలీ పాడే చాచా, లేదంటే బాంబు పెట్టేవాడు. ‘నేను వస్తది, నువ్వు పోతది’ అంటూ తెలుగును ఖూనీ చేసి నవ్వించేవాడు. గుంటూరు, కర్నూలు, నల్లగొండ పల్లెల్లో మనవాళ్లు ఎంత కమ్మటి తెలుగు మాట్లాడతారో తెర మీద విన్నామా? నూర్‌బాషీల ఇళ్లలో ఇంటి భాషే తెలుగు. ఇదంతా చూసీ చూసీ పిల్లలకు దిల్ మండుతుంది. మండినవాళ్లు అరుస్తారు. ఆ మంట సచ్చీదే. కానీ విలన్ సాయబుకు జవాబుగా ఏ ఐబూ లేని ఫరిష్తా సాయబును నిలబెడితే రెండూ బొమ్మలే. మనిషి మాత్రం రాడు.

మజీద్ మజీదీ 1997లో తీసిన ఇరాన్ ఫిల్ము ‘చిల్డ్రన్ ఆఫ్ హెవెన్’ మీ పిల్లలతో కలిసి చూడండి. అన్నాచెల్లెళ్లు ఒకే జత బూట్లు మార్చుకుంటూ బడికి పోయే కథ. ఆస్కార్‌లో విదేశీ భాషా చిత్రాల నామినేషన్ దాకా వెళ్లిన మొదటి ఇరానీ ఫిల్ము. అందులో ఒక చిన్న సీను ఉంటుంది. నాన్న మస్జిద్ కోసం చక్కెర గడ్డలు పగలగొడుతుంటాడు. కూతురు చాయ్ తెస్తుంది. చక్కెర ఏదమ్మా అంటాడు. ముందర ఇంత కుప్ప ఉంది కదా అంటుంది ఆ పసిది. అది మస్జిద్‌ది, మనది కాదంటాడు. ఆ ఇల్లు పేదిల్లు. అమానత్ గురించి గంట సేపు బయాన్ విన్నా అంత దిల్‌లోకి దిగదు. మజీదీ ఎవరికీ సఫాయీ ఇవ్వలేదు, ఒక అబ్బా చాయ్ తాగే తీరు చూపించాడు.

ఇంతవరకూ మన పెద్దలు కూడా సై అంటారని నాకు తెలుసు. అసలు సవాల్ మూడో ఫిల్ముతో వచ్చింది.

మా భాంజీ ఇప్పుడు రాస్తున్న కథ ఒక రిష్తా గురించి. పిల్లాడు చదువుకున్నాడు, నమాజీ, నౌకరీ ఉంది. పిల్లవాళ్లకూ నచ్చాడు. తాతలు దూది ఏకేవాళ్లని తెలిశాక పిల్ల తరఫువాళ్లు మాట మార్చేస్తారు. రాయడానికి ముందు గుంటూరు వైపు వెళ్లి, దూది ఏకే విల్లు చప్పుడు రికార్డు చేసుకొచ్చింది. పరుపులు కుట్టే ఒక పెద్దాయన అటక మీది నుంచి ఆ విల్లు దించి, దుమ్ము తుడిచి, మోగించి చూపించాడట. ఆ చప్పుడు రిష్తా మాటలు నడుస్తున్నంతసేపూ వెనక నుంచి వినిపించాలని దాని ఖయాల్.

ఇది విన్నాక మా ఇంట్లో తుఫాను. ‘ఇంటి మాట బజార్లో పెడతావా? బయటివాళ్లు మనల్ని అంటున్నది చాలదా? నువ్వూ వాళ్ల చేతికి కర్ర ఇస్తావా?’

ఈ మాటను నేను హల్కాగా తీసేయను. ఇవాళ్టి హాలత్‌లో అది డరపోక్ మాట అని ఎవరూ అనలేరు. మన తప్పు ఒకటి కనపడితే దాన్ని కౌమ్ మొత్తానికి అంటగట్టేవాళ్లు కాచుకుని ఉన్నారు. అయినా నేను మా భాంజీ వైపే నిలబడ్డాను. మూడు కారణాలు చెప్తాను.

ఒకటి. దాచినంత మాత్రాన తప్పు పోదు. మస్జిద్‌లో భుజం భుజం కలిపి నిలబడి, రిష్తా దగ్గరికి వచ్చేసరికి సయ్యద్, షేక్, పఠాన్, దూదేకుల అని లెక్కలేసే మన అలవాటు దూదేకుల పిల్లలకు తెలియదా? జోడే కీ రఖమ్ అడిగించుకున్న ఆడపిల్లల అబ్బాలకు తెలియదా? విరాసత్‌లో హిస్సా అడిగితే ‘అన్నదమ్ములు కావాలా, జాగా కావాలా’ అని అడిగించుకున్న చెల్లెళ్లకు తెలియదా? ఇంటి మాట దాస్తున్నామని మనం అనుకునేది ఆ ఇంట్లోనే దెబ్బతిన్నవాళ్ల నోరు మూయడం.

రెండు. తన ఐబు కూడా చెప్పేవాడి మాటనే లోకం నమ్ముతుంది. ఎం.ఎస్. సత్యు 1973లో తీసిన ‘గర్మ్ హవా’ చూడండి. ఇస్మత్ చుగ్తాయ్ కథ, కైఫీ ఆజ్మీ, షమా జైదీ రాసిన స్క్రీన్‌ప్లే. తఖ్సీమ్ తర్వాత ఆగ్రాలో బూట్ల కార్ఖానా నడిపే సలీమ్ మీర్జాకు బ్యాంకు అప్పు దొరకదు, కిరాయి ఇల్లు దొరకదు. అదే ఫిల్ములో ఆయన సొంత అన్న, హిందుస్తాన్ వదిలి పోనని తక్రీర్లు చేసిన లీడర్, రాత్రికి రాత్రే సరిహద్దు దాటిపోతాడు. కూతురు అమీనాను నమ్మించి పోయినవాళ్లు కూడా మనవాళ్లే. సత్యు అదంతా దాచి, బయటివాళ్ల జుల్మ్ ఒక్కటే చూపించి ఉంటే అది ఇన్నేళ్లు నిలబడేది కాదు. బాల్‌రాజ్ సాహ్నీ కళ్లల్లోని ఆ అలసటను మనం నమ్మేది, ఇంటి గాయమూ బయటి గాయమూ రెండూ అందులో ఉన్నాయి కాబట్టి.

మూడు. పక్కింటి కథ విని మనం ఏడవలేదా? 2023లో ‘బలగం’ వచ్చింది. చావింట్లో పిట్ట ముట్టకపోవడం మన రివాజు కాదు. మూలుగ బొక్క దగ్గర మొదలై ఏళ్ల తరబడి సాగిన బావాబామ్మర్దుల పంతం చూసి, మన ఇళ్లలో దూలాభాయ్ అలకలు గుర్తు తెచ్చుకుని మనమూ ఏడ్చాం. ఆ ఫిల్ము చూసి తెలంగాణోళ్లు చెడ్డోళ్లని ఎవరూ అనలేదు. ‘వాళ్లకు నడుస్తుంది, మనకు నడవదు’ అంటారా? కావచ్చు. ఆ ఫరఖ్ నాకూ కనపడుతోంది. కానీ మన చహల్లుమ్, మన అలకలు, మన రాజీలు తెర మీదికి రాకపోతే ఆ ఫరఖ్ ఎప్పటికీ అట్లాగే ఉంటుంది.

కాగితం మీద ఈ హిమ్మత్ మనవాళ్లు ఎప్పుడో చేశారు. ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కతలు’, స్కైబాబ సంపాదకత్వంలో ‘వతన్’ కథలు, 2012లో సాహిత్య అకాడెమీ యువ పురస్కారం అందుకున్న వేంపల్లి షరీఫ్ ‘జుమ్మా’ మన అమ్మీలనూ నానీలనూ ఉన్నదున్నట్టు తెలుగులోకి తెచ్చాయి. తెర మీద ఆ జాగా ఇంకా ఖాళీగానే ఉంది.

అమ్మీ అబ్బాలకు కొన్ని మాటలు. దీన్ గురించి మీ ఫిక్ర్ జాయజ్. తస్వీర్, సంగీతం మీద ఉలమాల్లో ఇఖ్తిలాఫ్ ఉంది. నేను ముఫ్తీని కాను, మీరు నమ్మే ఆలిమ్‌ను అడగండి. కానీ డ్రోన్ పెట్టి మూడు గంటల షాదీ వీడియో తీయించుకునే ఇల్లు, పిల్ల నాలుగు నిమిషాల ఫిల్ము తీస్తానన్నప్పుడే ఫత్వా గుర్తు చేసుకోవడం ఇన్సాఫ్ కాదు. రోజీ గురించి ఫిక్ర్ ఉంటే ముందు డిగ్రీ పూర్తి చేయమనండి. పుణె ఎఫ్‌టీఐఐలో దర్శకత్వం లాంటి పీజీ కోర్సులకు డిగ్రీ ఎట్లాగూ కావాలి. ఢిల్లీ జామియా మిల్లియాలో ఏజేకే మాస్ కమ్యూనికేషన్ సెంటర్ ఉంది. మన గచ్చిబౌలిలోనే ఉర్దూ యూనివర్సిటీలో జర్నలిజం చదువు ఉంది. ఎడిటింగ్, సౌండ్, డాక్యుమెంటరీ అన్నీ హలాల్ రోజీ సంపాదించుకోగల హునర్లే. ఇంకోటి విని మీరు నవ్వుకోవచ్చు. 2024లో కాన్స్‌లో విద్యార్థుల ఫిల్ములకిచ్చే మొదటి బహుమతి గెలిచిన మైసూరు కుర్రాడు చిదానంద నాయక్ ముందు డాక్టర్ చదివే ఎఫ్‌టీఐఐకి పోయాడు. ముసలమ్మ కోడిపుంజును దొంగిలిస్తే ఊరికి తెల్లవారకపోవడమనే కన్నడ జానపద కథను పదహారు నిమిషాల్లో చెప్పాడు. అట్లాంటి కిస్సాలు మన నానీల దగ్గర ఎన్ని లేవు?

ఇక కెమెరా పట్టుకున్న బేటీలకు, బేటాలకు. ఎవరి జిందగీ తీస్తున్నారో వాళ్ల ఇజాజత్ ముందు తీసుకోండి. దాదీ మొహం వద్దంటే వద్దు. ఫిల్ము పూర్తయ్యాక బయటివాళ్ల కన్నా ముందు వాళ్లకే చూపించండి. మొహల్లా గరీబీని పండగల్లో అవార్డుల కోసం అమ్ముకోకండి. స్పీచ్ రాయాలనిపించినప్పుడు ఆ కాగితం పక్కన పెట్టి, అదే సీనులో చేతులు ఏం చేస్తున్నాయో చూడండి.

మా భాంజీ మూడో ఫిల్ముకి ఇంకా ఇంట్లో ఇజాజత్ రాలేదు. రిష్తా మాట మార్చే పెద్దావిడ పాత్రకు మనిషి దొరకడం లేదు. అడిగిన ఆంటీలంతా ‘మంచి పాత్ర ఉంటే చెప్పు బేటీ’ అంటున్నారట. ఆ పాత్ర వేయడానికి మనలో ఒక్కరు ముందుకు రాగలిగిన రోజు, ఇన్షా అల్లాహ్, మన కథ మనం చెప్పడం మొదలైనట్టు.